సగటు జాప్యం సాక్ష్యానికి పనికిరాదు

వర్చువల్ మెషిన్‌లో నడిచే అప్లికేషన్ నెమ్మదించినప్పుడు తప్పు డిస్కుదా, మరొకదానిదా అని తేల్చే పద్ధతి ఇవాళ ఐటీ సంస్థల్లో దాదాపు ఒకే మూసలో సాగుతున్నది. మెషిన్ లోపల అమర్చిన పర్యవేక్షణ ఏజెంటు ఐదు నిమిషాలకొకసారి పంపే సగటు జాప్యాన్ని డ్యాష్‌బోర్డులో చూస్తారు. ఆ గీత 20 మిల్లీసెకన్లకు దిగువన ఉండి, డిస్క్ వినియోగం 80 శాతం దాటకపోతే, ‘స్టోరేజ్ బాగానే ఉంది’ అని రాసి టికెట్‌ను అప్లికేషన్ బృందం మీదికి తోసేస్తారు. జాప్యం, అంటే వాడుకలో లేటెన్సీ, ఒక చదివే లేదా రాసే అభ్యర్థన బయలుదేరిన క్షణం నుంచి దానికి జవాబు అందే క్షణం వరకు పట్టే కాలం. దాన్ని కొలవాలన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. పేచీ అంతా ఎక్కడ కొలుస్తున్నారు, కొలిచినదాన్ని ఏం చేస్తున్నారు అన్న దగ్గరే ఉంది. ఒకే చోట కొలిచి, ఒకే సగటుగా కుదించిన జాప్యం స్టోరేజ్‌ను నిర్దోషిగా తేల్చే సాక్ష్యం కానేరదు. చాలా సందర్భాల్లో అది దోషం జరిగిన ఆనవాలునే చెరిపేస్తుంది.

ప్రచారంలో ఉన్న ఈ పద్ధతి మూర్ఖత్వం నుంచి పుట్టలేదని ముందుగా ఒప్పుకోవాలి. ఒక సర్వరు, దాని పెట్టెలోనే దాని డిస్కు ఉన్న కాలంలో 20 మిల్లీసెకన్ల గీతకు స్పష్టమైన అర్థం ఉండేది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి, కావలసిన భాగం చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. తల సరైన వలయానికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో కలిపితే, చెదురుమదురుగా వచ్చే ఒక్కో అభ్యర్థనకు పన్నెండు పదమూడు మిల్లీసెకన్లు తేలుతుంది. సగటు ఇరవై దాటిందంటే అభ్యర్థనలు ఒకదాని వెనుక ఒకటి నిలబడుతున్నాయని గ్రహించవచ్చు. డిస్కుకు రెండుకు మించి వరుసలో ఉండరాదన్న పాత విండోస్ నిర్వాహకుల సూత్రం కూడా ఈ లెక్క చుట్టూ అల్లుకున్నదే. డిస్కు ఒకటే, దారి ఒకటే, వాడేవాడు ఒకడే అయినప్పుడు సగటు ఓ మోస్తరు నమ్మకస్తుడే. ఆ పరిస్థితి పోయి ఏళ్ళు గడిచినా సూత్రం మాత్రం ఇల్లు మారినా వదలని పాత క్యాలెండరులా గోడకు వేలాడుతూనే ఉంది.

వర్చువల్ మెషిన్‌లో ఒక చదివే అభ్యర్థన నడిచే దారిని దగ్గరగా చూస్తే ఆ సూత్రం ఎక్కడెక్కడ తెగిపోతుందో తెలుస్తుంది. డేటాబేసు అడిగిన పేజీ మెమరీలో లేకపోతే అభ్యర్థన అతిథి ఆపరేటింగ్ సిస్టమ్‌లోని వరుసలో చేరుతుంది. అతిథి అంటే వర్చువల్ మెషిన్ లోపల నడిచే లినక్సో విండోసో. అక్కడి నుంచి అది వర్చువల్ డిస్క్ అడాప్టరుకు, దాని నుంచి హైపర్‌వైజర్‌కు, అంటే ఒకే యంత్రాన్ని పలు వర్చువల్ మెషిన్లకు పంచే పునాది సాఫ్ట్‌వేరుకు, వెళుతుంది. హైపర్‌వైజర్ వరుస దాటాక ఫైబర్ ఛానల్ కార్డో నెట్‌వర్కో ఎక్కి, స్టోరేజ్ పెట్టె కంట్రోలరును చేరి, అక్కడి క్యాష్‌లో దొరికితే అక్కడి నుంచే, లేకపోతే అసలు డిస్కు దాకా పోయి వెనక్కు రావాలి. వచ్చాక కూడా కథ ముగియదు: జవాబు అందినట్టు అతిథి గుర్తించాలంటే ఆ క్షణంలో దాని వర్చువల్ ప్రాసెసరు నిజమైన ప్రాసెసరు మీద నడుస్తూ ఉండాలి, దాని వంతు రాకపోతే వచ్చిన జవాబు గుమ్మం బయట నిలబడి ఎదురుచూస్తుంది. ఇన్ని మజిలీల్లో ఎక్కడ ఆలస్యమైనా అతిథి లోపలి కొలత దాన్ని ‘డిస్కు జాప్యం’ అనే ఒకే పద్దులో రాస్తుంది.

వీఎంవేర్ వారి ఈఎస్‌ఎక్స్‌టాప్ అనే సాధనం ఈ దారిని మూడు అంకెలుగా విడదీసి చూపుతుంది. డీఏవీజీ అన్నది అభ్యర్థన హైపర్‌వైజర్‌ను విడిచి కార్డు, నెట్‌వర్కు, స్టోరేజ్ పెట్టెల్లో తిరిగి వచ్చే కాలం. కేఏవీజీ అన్నది హైపర్‌వైజర్ లోపల గడిచిన కాలం. ఈ రెండూ కలిస్తే జీఏవీజీ. కేఏవీజీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాదాపు సున్నా. అది రెండు మిల్లీసెకన్లు దాటి నిలకడగా ఉంటే స్టోరేజ్ పెట్టెను నిందించే ముందు హోస్టు, అంటే హైపర్‌వైజర్ నడిచే యంత్రం, వరుస నిండిపోయిందేమో చూడాలి. జీఏవీజీని ‘అతిథి అనుభవించే జాప్యం’ అని పాఠ్యాల్లో వివరిస్తారు గానీ, ఆ వివరణ పూర్తిగా నిజం కాదు. అతిథి లోపలి వరుసలో గడిచిన కాలం అందులో లేదు. ప్రాసెసరు వంతు కోసం జవాబు ఎదురుచూసిన కాలమూ లేదు. వీఎంవేర్ వర్చువల్ డిస్క్ అడాప్టరైన పీవీస్కజీ మామూలు అమరికలో ఒక్కో డిస్కుకు ఏకకాలంలో 64 అభ్యర్థనలను పంపగలదు. ఒకే ఊపులో 640 వచ్చిపడ్డాయనీ, అవతల ఒక్కోదానికి ఒక మిల్లీసెకను పడుతుందనీ అనుకుంటే, చివరి జట్టు పది మిల్లీసెకన్లకు గానీ పూర్తికాదు. అతిథి పది మిల్లీసెకన్ల ఆలస్యం చూస్తుంది, హోస్టు ఒక మిల్లీసెకనే చూస్తుంది. రెండు కొలతలూ సరైనవే. రెండింటినీ పక్కపక్కన పెట్టినవాడికి గానీ జబ్బు అడాప్టరు వరుసలో ఉందని అంతుబట్టదు. ఒక్కదాన్నే చూసినవారిలో ఒకరు స్టోరేజ్ కొత్తది కొనాలంటారు, మరొకరు ఏ దోషమూ లేదంటారు.

చోటు సంగతి అలా ఉంచితే, సగటు చేసే అన్యాయం అంతకన్నా పెద్దది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న సామెతను ఇక్కడ అన్వయించేవారున్నారు. కుండలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే సెగ మీద ఉడుకుతాయి కాబట్టి ఆ మాట చెల్లుతుంది. డిస్కు అభ్యర్థనలు అలాంటివి కావు. వెయ్యి అభ్యర్థనల్లో 990 అర మిల్లీసెకనులో పూర్తయి, మిగిలిన పదికి 200 మిల్లీసెకన్ల చొప్పున పట్టిందనుకుంటే సగటు రెండున్నర మిల్లీసెకన్ల లోపే వస్తుంది. ఆ వెయ్యిలో రెండున్నర మిల్లీసెకన్లలో పూర్తయిన అభ్యర్థన ఒక్కటి కూడా లేదు. ఒక వెబ్ పేజీ కోసం అప్లికేషన్ యాభైసార్లు డిస్కును ముట్టవలసి వస్తే, ఆ పదింటిలో కనీసం ఒకటి దానికి తగిలే సంభావ్యత దాదాపు 40 శాతం. అంటే పది పేజీల్లో నాలుగు జాప్యానికి గురవుతాయి. జెఫ్రీ డీన్, లూయిజ్ ఆండ్రే బరోసో 2013లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఇదే లెక్కను సర్వర్లకు వర్తింపజేశారు: నూటికి ఒక్కసారి మాత్రమే సెకను దాటే సర్వర్లను వంద కలిపి ఒక జవాబు తయారుచేస్తే, నూటికి 63 జవాబులు సెకను దాటుతాయి. అయినా ప్రతి సర్వరు సగటూ విడివిడిగా పచ్చగానే ఉంటుంది.

స్తంభన విషయంలో సగటు మరింత దుర్మార్గంగా ప్రవర్తిస్తుంది. ఒక వర్చువల్ డిస్కు సెకనుకు 2000 అభ్యర్థనలను ఒక మిల్లీసెకను చొప్పున పూర్తిచేస్తున్నదనుకుందాం. ఐదు నిమిషాల వ్యవధిలో పది సెకన్ల పాటు అది పూర్తిగా ఆగిపోయింది. ఆ సమయంలో 32 అభ్యర్థనలు చిక్కుకుని, ఒక్కోటి పది సెకన్ల తరువాత గానీ బయటపడలేదు. మిగిలిన 290 సెకన్లలో 5,80,000 అభ్యర్థనలు సజావుగా నడిచాయి. సగటు కడితే ఒక మిల్లీసెకను కాస్తా 1.55 మిల్లీసెకన్లకు చేరుతుంది. డేటాబేసు పది సెకన్లు ఊపిరాడక కొట్టుకున్నది, వాడుకదారులు బటను మీద బటను నొక్కారు, తీరా గ్రాఫ్‌లో కనిపించింది అర మిల్లీసెకను వంపు. దీనికి కారణం సులభం: సగటు పూర్తయిన అభ్యర్థనలను లెక్కిస్తుంది తప్ప గడిచిన కాలాన్ని లెక్కించదు; ఆగిపోయిన కాలంలో పూర్తయ్యేవి తక్కువ కాబట్టి, ఎంత గట్టిగా ఆగితే దాని ఓటు విలువ అంత పడిపోతుంది. లినక్స్‌లోని ఐఓస్టాట్ చూపే నిరీక్షణ కాలమూ ఈ కోవలోదే. ఒక విరామంలో ఏ అభ్యర్థనా పూర్తికాకపోతే, డిస్కు అత్యంత అధ్వాన్నంగా ఉన్న ఆ ఘడియలోనే అది సున్నా చూపుతుంది. సున్నా చూసి కలవరపడే అలర్టును ఎవరూ రాసిపెట్టుకోరు. జవాబు వచ్చాకే తరువాతి ప్రశ్న వేసే పరీక్షా సాధనాల్లోనూ ఈ లోపమే ఉందని గిల్ టేనే ఎత్తిచూపి, దానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టవలసి వచ్చింది.

ఇంత నష్టం చాలదన్నట్టు, దాచిన సగటులను మళ్ళీ సగటు చేయడం మరొక ఆనవాయితీ. వీఎంవేర్ వారి వీసెంటర్ 20 సెకన్ల కొలతలను దాదాపు గంటసేపే ఉంచుతుంది. తరువాత అవి ఐదు నిమిషాలకు, వారం నాటికి అరగంటకు, నెల నాటికి రెండు గంటలకు, ఆపైన రోజుకు ఒక అంకెగా కుదించుకుపోతాయి. ఉదయం పదకొండింటికి జరిగిన స్తంభన మీద ఫిర్యాదు మధ్యాహ్నం మూడింటికి చేరితే, విచారణాధికారి ముందుకు వచ్చేది అప్పటికే ఉడికి చల్లారిన అంకె. స్నాప్‌షాట్‌ను విలీనం చేసేటప్పుడు వర్చువల్ మెషిన్‌నే కాసేపు నిలిపివేస్తారు. లోపలి ఏజెంటు కూడా అప్పుడు నిద్రలోనే ఉంటుంది కాబట్టి ఆ కాలానికి కొలతే ఉండదు, ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న రెండు చుక్కలను గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేరు అందమైన సరళరేఖతో కలిపేస్తుంది.

వినియోగ శాతం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ శాతం డిస్కు వద్ద కనీసం ఒక అభ్యర్థన ఉన్న కాలాన్ని మాత్రమే చెబుతుంది. ఒకేసారి పదులకొద్దీ అభ్యర్థనలను నిర్వహించే ఎస్‌ఎస్‌డీలకూ రెయిడ్ సముదాయాలకూ అది సామర్థ్యపు హద్దును చూపదని ఐఓస్టాట్ సహాయపత్రమే హెచ్చరిస్తుంది. సహాయపత్రం చదివే అలవాటు ఎవరికుందన్నది వేరే ప్రశ్న. ఐఓవెయిట్ అనే ప్రాసెసరు అంకె మరీ దగా: అది డిస్కు కోసం ఎదురుచూస్తూ ప్రాసెసరు ఖాళీగా గడిపిన కాలం కాబట్టి, అదే మెషిన్‌లో మరో భారీ లెక్కను నడిపిస్తే డిస్కు బాగుపడకుండానే అంకె తగ్గిపోతుంది.

క్లౌడ్‌లో ఈ కథకు మరో అంకం ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన ప్రాంతీయ కేంద్రాన్ని తెరిచింది. అలాంటి క్లౌడ్‌లలో నడుస్తూ తెలుగు ఇంజనీర్లు రోజూ చూసే వర్చువల్ డిస్కుల్లో చాలావాటిని హైపర్‌వైజర్ వైపు నుంచి చూసే అవకాశమే వారికి ఉండదు. అమెజాన్‌లోని పాత రకం జీపీ2 వాల్యూముకు, అంటే వర్చువల్ డిస్కుకు, జీబీకి మూడు చొప్పున సెకనుకు ఇన్ని అభ్యర్థనలన్న హక్కు ఉంటుంది. వంద జీబీకి అది 300. అవసరమైతే 3000 దాకా పోవచ్చు గానీ, ఆ అదనాన్ని 54 లక్షల క్రెడిట్ల జాడీ నుంచి తీయాలి. పూర్తి వేగంతో పనిచేస్తే సెకనుకు 2700 క్రెడిట్లు కరిగిపోతాయి, అంటే నిండు జాడీ 33 నిమిషాల్లో అడుగంటుతుంది. ఆ మరుక్షణం వేగం పదోవంతుకు పడుతుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం వరుసలో ఉన్నవాటి సగటు సంఖ్య, అవి వచ్చే రేటునూ ఒక్కోటి గడిపే కాలాన్నీ గుణిస్తే వచ్చేదే. కాబట్టి 32 అభ్యర్థనలు ఎప్పుడూ దారిలో ఉంచే అప్లికేషన్‌కు జాప్యం దాదాపు 11 మిల్లీసెకన్ల నుంచి 107 మిల్లీసెకన్లకు ఎగబాకుతుంది. డిస్కు పాడవలేదు, నెట్‌వర్కు తెగలేదు, కాన్ఫిగరేషన్ మారలేదు. కోటా అయిపోయింది, అంతే. అతిథి లోపలి మామూలు డిస్కు కొలతల్లో ఎంత వెదికినా ఆ మాట రాసి ఉండదు. ప్రాసెసరు కాలాన్ని హైపర్‌వైజర్ వేరొకరికి ఇచ్చినప్పుడు లినక్స్ దాన్ని ‘స్టీల్’ అనే పద్దులో నిజాయితీగా చూపుతుంది. డిస్కుకు అలాంటి పద్దు లేదు. పొరుగు మెషిన్ బ్యాకప్ మొదలుపెట్టి ఉమ్మడి స్టోరేజ్‌ను ఊడ్చుకుపోయినా, కోటా గేటు పడినా, లోపలివారికి రెండూ ఒకే రకం ఆలస్యంగానే కనిపిస్తాయి. 2020 చివర్లో వచ్చిన జీపీ3 రకంలో ఈ జాడీ లేదు, నిజమే. మార్చుకోకుండా వదిలేసిన వాల్యూములు మాత్రం పాత నియమంతోనే నడుస్తున్నాయి.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఖర్చు. వేలాది మెషిన్ల నుంచి ప్రతి అభ్యర్థన కాలాన్నీ సేకరించి దాచడం అసాధ్యమన్నది సత్యమే, కానీ ఎవరూ దాన్ని కోరడం లేదు. హిస్టోగ్రామ్ అంటే ఏయే కాలపరిమితుల మధ్య ఎన్ని అభ్యర్థనలు పడ్డాయో లెక్కించే చిన్న పట్టిక. ఒక మైక్రోసెకను నుంచి మొదలై రెండింతలు రెండింతలుగా పెరిగే ముప్ఫై గడులతో ఎన్నో నిమిషాల స్తంభన దాకా పట్టేస్తుంది. నిమిషానికి ముప్ఫై అంకెలు దాచడం, జాప్యం పేరుతో ఇప్పుడు దాస్తున్న అరడజను పనికిరాని అంకెలకన్నా మోయలేని భారమేమీ కాదు. లినక్స్‌లో బయోలేటెన్సీ అనే సాధనం కెర్నెల్ లోపలే ఈ పట్టిక కట్టి, మొత్తాలను మాత్రమే బయటికి ఇస్తుంది. వీఎంవేర్ వారి ఈఎస్‌ఎక్స్ హోస్టులో వీస్కజీస్టాట్స్ ఒక్కో వర్చువల్ డిస్కుకు ఇదే పని చేస్తుంది. పట్టిక నుంచి పర్సంటైల్ తీయవచ్చు. జేఈఈ ఫలితాల పుణ్యమా అని తెలుగు ఇళ్ళలో ఆ మాట వివరించనక్కరలేదు; తమ పిల్లవాడి ర్యాంకును తరగతి సగటు చూసి అంచనా వేయడానికి ఒప్పుకోని తల్లిదండ్రులే ఆఫీసులో డిస్కును సగటుతో అంచనా వేయడం విచిత్రం. పంపిణీని చూస్తే ఏం బయటపడుతుందో బ్రెండన్ గ్రెగ్ 2008లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తూ కనిపించిన వీడియో వినోదంగా చూపించింది: డిస్కుల అరల దగ్గర నోరు పెట్టి ఆయన గట్టిగా అరవగానే, ఆ కంపనానికి కొన్ని అభ్యర్థనల జాప్యం ఎగిరి, హీట్‌మ్యాప్‌లో పైకెగసిన చుక్కలుగా కనబడింది. ఐదు నిమిషాల సగటులో ఆ అరుపు వినిపించేది కాదు.

రెండో అభ్యంతరం ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ గొడవంతా పాతబడిందని. నిజానికి జరిగింది దీనికి విరుద్ధం. డిస్కు పన్నెండు మిల్లీసెకన్లు తీసుకున్న రోజుల్లో దారిలో పోయిన ఒక మిల్లీసెకను ఎవరికీ పట్టేది కాదు. ఎన్‌వీఎంఈ డిస్కు 100 మైక్రోసెకన్ల చుట్టుపక్కల జవాబిస్తున్నప్పుడు అదే ఒక మిల్లీసెకను అసలుకు పదింతల వడ్డీ. 20 మిల్లీసెకన్ల గీతను అలాంటి డిస్కుకు పెట్టడమంటే, సాధారణ వేగంకన్నా రెండు వందల రెట్లు మందగించే దాకా అలర్టు మోగవద్దని ఆదేశించడమే. కుబర్నెటీస్ తన స్థితిని దాచుకునే ఎట్‌సీడీని నిర్మించినవారు ఈ మర్మం ఎరిగే, రాసినది డిస్కుకు నిజంగా చేరిందని ఖరారుచేసే ఎఫ్‌సింక్ పనికి 99వ పర్సంటైల్ 10 మిల్లీసెకన్లకు లోపల ఉండాలని సూచించారు. వారు సగటును అడగలేదు.

మూడోది పూర్తిగా ఎదుటి కొస నుంచి వస్తుంది: వర్చువల్ మెషిన్ గడియారమే నకిలీది కాబట్టి లోపలి కొలతలన్నిటినీ పారేసి హైపర్‌వైజర్‌నే నమ్మాలని. టిక్కులు తప్పిపోయే పాత రోజుల్లో ఈ మాటకు బలముండేది. నేటి ప్రాసెసర్లలో, సరిగ్గా అమర్చిన మెషిన్లలో ఆ భయం చాలా తగ్గింది. పైగా బయటి నుంచి మాత్రమే చూసేవారికి అతిథి వరుసలో, ప్రాసెసరు వంతులో పోయిన కాలం ఎన్నటికీ కనిపించదని ముందే చూశాం. కూర్చున్న చోటు మారినంత మాత్రాన ఒంటికన్ను రెండు కళ్ళు కాదు.

కాబట్టి ఫిర్యాదులను విచారించే బృందాలను కోరవలసింది పెద్దదేమీ కాదు. సంఘటన జరిగిన నిమిషానికి అతిథి లోపలి హిస్టోగ్రామ్, అదే నిమిషానికి హోస్టు వైపు డీఏవీజీ, కేఏవీజీలు, క్లౌడ్ అయితే క్రెడిట్ నిల్వ, వీటితో పాటు అప్పటికి పూర్తికాక దారిలో ఉన్న అభ్యర్థనల సంఖ్యను టికెట్‌కు జతచేయండి. ఐదు నిమిషాల సగటు గ్రాఫ్ ఒక్కటే చేతిలో ఉంటే, ‘స్టోరేజ్ బాగానే ఉంది’ అని రాయకండి. ‘కొలవలేదు’ అని రాసి టికెట్‌ను తెరిచే ఉంచండి.